ముందుగా తీర్చవలసిన ఋణమేది?

ఋణము తీర్చుట ధర్మమని అందరును అంగీకరింతురు. పుచ్చుకొన్నది తిరిగి ఇచ్చుట మాట నిలుపుకొనుటయే కావున ఈ విషయమున వాదమునకు చోటు లేదు. అయితే గడువు ఇంకను మిగిలియుండగనే తీర్చుట ధర్మమా, లేక కేవలము లాభనష్టముల లెక్కయా? పలువురికి బాకీ ఉన్న గృహస్థుని చేతికి కొంత ధనము వచ్చినప్పుడు అతడు ముందుగా ఎవరి ఋణము తీర్చవలెను? ఈ ప్రశ్నలు చిన్నవిగా తోచును. కాని వీనికి మనమిచ్చు సమాధానమును బట్టియే మన ఇంటి నడవడి తెలియును.

మోత్కూరు ప్రాంతము మెట్ట సీమ. నల్లగొండ జిల్లా నుండి 2016 అక్టోబరు 11వ తేదీన విడివడి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. వానను, బోరుబావిని నమ్ముకొని ప్రత్తియు వరియు పండించుకొను ఇండ్లు ఇచ్చట అధికము. ఇట్టి చోట నేడు ట్రాక్టరు గాని కారు గాని విలాసవస్తువని త్రోసివేయుటకు వీలులేదు. రోగిని హైదరాబాదు ఆసుపత్రికి చేర్చుటకును, అద్దెకు త్రిప్పి జీవించుటకును వాహనము అక్కరకు వచ్చుచున్నది. దానిని రొక్కమిచ్చి కొనువారు తక్కువ. నెలసరి వాయిదాలపై తెచ్చుకొనువారే ఎక్కువ.

ఒక ఉదాహరణము చూతము. ఒక గృహస్థుడు కారు కొరకు 6,00,000 రూపాయలు అప్పు తెచ్చెననుకొందము. వడ్డీ సంవత్సరమునకు నూటికి 9 రూపాయలు, గడువు 60 నెలలు. తగ్గుచున్న అసలుపై వడ్డీ కట్టు పద్ధతిని నెలసరి వాయిదా 12,455 రూపాయలగును. ఐదేండ్లలో అతడు చెల్లించు వడ్డీ సుమారు 1,47,300 రూపాయలు. మొదటి నెల వాయిదాలో 4,500 రూపాయలు వడ్డీకే పోవును. చివరి నెల వాయిదాలో వడ్డీ భాగము నూరు రూపాయలైనను ఉండదు. రెండేండ్లు గడచునప్పటికి అతడు చెల్లించిన 2,98,920 రూపాయలలో సుమారు 90,600 వడ్డీకి పోయి, 2,08,300 మాత్రమే అసలుకు చేరును. అప్పటికి మిగిలిన అసలు సుమారు 3,91,700. రానున్న మూడేండ్లలో చెల్లించవలసిన వడ్డీ 56,700.

ఈ సమయమున పంట కలిసివచ్చియో, స్థలము అమ్ముడుపోయియో అతని చేతికి ధనము వచ్చినచో, అప్పు ముగించి ఆ 56,700 రూపాయలను మిగుల్చుకొనవచ్చును. మొత్తము తీర్చలేక లక్ష రూపాయలు మాత్రమే కట్టగలిగినచో రెండు మార్గములు కలవు. వాయిదా సొమ్మును మార్చక గడువును తగ్గించుకొనుట మొదటిది. అప్పుడు 36 వాయిదాలకు బదులు 26 వాయిదాలతో ఋణము తీరి, సుమారు 26,000 రూపాయల వడ్డీ తగ్గును. గడువును మార్చక వాయిదాను తగ్గించుకొనుట రెండవది. అప్పుడు తగ్గు వడ్డీ సుమారు 14,000 రూపాయలు మాత్రమే. నాలుగేండ్లు ఊరకుండి ఐదవ యేట మేల్కొన్నవానికి మిగులునది 7,000 రూపాయలే. ముందుగా తీర్చుటలోని ఫలమంతయు ఆ ముందుతనములోనే ఉన్నది.

గడువు ప్రకారము రావలసిన వడ్డీని ఎగగొట్టుట అప్పిచ్చినవానికి అన్యాయము కాదా యని కొందరు శంకింతురు. వడ్డీ యనగా ఇతరుని ధనమును మనము వాడుకొన్న దినములకు వెల. వాడుకొనని దినమునకు వెల ఋణపడలేదు. బ్యాంకు తన సొమ్మును తిరిగి పొంది మరియొకరికి అప్పు ఇచ్చుకొనగలదు. కావున ఇందులో అన్యాయము లేదు. మనకు మిగిలిన 56,700 రూపాయలు ఎవరినో తక్కువ చేసి సంపాదించినవి కావు. అవి మన రాబోవు దినముల కష్టార్జితము. ఇంకను చేయని కాయకము యొక్క ఫలమును ముందే తాకట్టు పెట్టి యుంటిమి, దానిని విడిపించుకొనుచున్నాము.

దినములను లెక్కించు ఈ పద్ధతి ఎంత విలువైనదో మన సీమలోని పెద్దలకు తెలియును. నిజాము కాలమున తెలంగాణములో నాగు వడ్డీ ఉండెడిది. విత్తనమునకో, తిండికో తెచ్చుకొన్న గింజలకు, పంట కళ్లమునకు వచ్చినంతనే ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇచ్చుట దాని పద్ధతి. అప్పు తీరక భగేలాగా దొర గడీలో చాకిరి చేసినవాని దినములు దొర లెక్కలో ఏనాడును సరిగా జమ కాలేదు. వెట్టిచాకిరి రద్దు చట్టము 1976లో వచ్చినది. వడ్డీ అసలును మించరాదని స్మృతికారులు ప్రాచీన కాలముననే కట్టడి చేసిరి గాని, బలవంతుని ఖాతాపుస్తకము ముందు ఆ కట్టడి నిలువలేదు. ఋణస్థుడు ముందుగా తెచ్చి ఇచ్చినచో అతని దినములను అతనికి వదలివేయు నేటి పద్ధతి, కావున, సామాన్యమైన సౌకర్యము కాదు.

అయినను పత్రము చదువక తొందరపడరాదు. భారతీయ రిజర్వు బ్యాంకు 2025 జూలై 2వ తేదీన ఇచ్చిన ఆదేశముల ప్రకారము, వ్యక్తులు వ్యాపారేతర అవసరములకు తీసికొన్న మారుచుండు వడ్డీ అప్పులపై ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయరాదు. 2026 జనవరి 1 నుండి మంజూరైన లేక పునరుద్ధరింపబడిన అప్పులకు ఇది వర్తించును. కాని కారు అప్పులలో స్థిరమైన వడ్డీ గలవి అనేకము. వానికి ఒడంబడికలో వ్రాసిన రుసుము ఉండవచ్చును. పై ఉదాహరణములో నూటికి 3 రూపాయల రుసుమును, దానిపై నూటికి 18 వంతున జి.ఎస్.టి.యు ఉన్నచో, రెండేండ్ల తరువాత ముగించువానికి సుమారు 13,900 రూపాయలు ఖర్చగును. నికరముగా మిగులునది 42,800. నాలుగేండ్ల తరువాత ముగించువానికి రుసుము పోగా మిగులునది 2,000 మాత్రమే. సంతకము చేసిన మాట కావున ఆ రుసుమును చెల్లించుటయే న్యాయము. అయితే సంతకమునకు ముందే దానిని చదువుట వివేకము.

ఇంతవరకు చెప్పినది లెక్క. అసలైన ధర్మసంశయము ఇక ముందున్నది.

గృహస్థునికి ఒక్క కారు అప్పే ఉండదు. ఊరిలో నూటికి నెలకు 2 రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు ఉండవచ్చును. అది సంవత్సరమునకు నూటికి 24. దానిని ఉంచుకొని 9 వంతు అప్పును ముందుగా తీర్చుట లెక్క తెలియని పని. ఇది ఎవరైనను చెప్పగలరు. కాని వడ్డీయే లేని అప్పుల మాటేమి? ప్రత్తి ఏరిన కూలీలకు ఇంకను ముట్టని కైకిలి డబ్బులు ఉండును. పెండ్లి సమయమున తోడపుట్టినది నమ్మి ఇచ్చిన చేబదులు ఉండును. వడ్రంగికిని, మేస్త్రీకిని నిలిపిన బాకీలు ఉండును. వీనికి మిత్తి లేదు. పత్రము లేదు. గడువు దాటినదని జాబు వ్రాయు ఉద్యోగి లేడు. అందుచేతనే ఇవి చివరకు నెట్టబడుచున్నవి. బ్యాంకు అప్పు గడువునకు ముందే తీర్చితిమని సంతోషించు ఇంటిలోనే, వితంతువైన అక్క ఇచ్చిన చేబదులు ఐదేండ్లుగా నిలిచియుండుట లోకములో లేని విషయమా?

వడ్డీ లేని అప్పుకు ఖర్చు లేదని మనమనుకొందుము. ఖర్చు ఉన్నది, అది మనపై పడుట లేదు, అంతే. కూలి ఆలస్యమైన స్త్రీ కిరాణా కొట్టులో అప్పు పెట్టును. అక్క తన మందుల కొరకు ఇతరుల వద్ద మిత్తికి తెచ్చుకొనును. మనము కట్టని వడ్డీని వారు కట్టుచున్నారు. బ్యాంకు లెక్క తీర్చి మనము మిగుల్చుకొన్న సొమ్ములో వారు మోసిన భారము కలిసియున్నచో, దానిని మిగులు అని పిలుచుట తగదు.

బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భాండారమును చూచినవాడు. అతడు రాజధనమును జంగములకు వెచ్చించెనని కొండెములు చెప్పగా, లెక్క చూచినప్పుడు భాండారము తరుగక నిలిచెనని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కథనము చేసెను. దాసోహము చేయు చేతికి లెక్క శుచిగా ఉండవలెనని ఆ కథ మనకు బోధించుచున్నది. రాలిన బియ్యము ఏరుకొని జీవించిన ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ ఆ అధికమును వెనుకకు పంపిన కథ శరణుల ఇండ్లలో అందరికిని తెలిసినదే. చేతికి అధికముగా వచ్చినదానిని చూచి ఆమె అడిగిన ప్రశ్నయే మనమును అడుగవలెను: ఇది ఎవరిది?

ఈ ప్రశ్న అడిగినవానికి క్రమము తానే ఏర్పడును. మొదట కాయకము చేసినవారి కూలి. పిదప మనకన్న బలహీనులు నమ్మి ఇచ్చిన చేబదులు. పిదప అధిక మిత్తి గల ఊరి అప్పు. పిదప ఇంటిలో ఎవరైన రోగమున పడినచో, వాన తప్పినచో కొన్ని నెలలు గడచుటకు చాలు నిలువ. ఏలయనగా చేతనున్నదంతయు కారు అప్పుకు పోసి, మరునెల విత్తనములకు 2 రూపాయల మిత్తికి తెచ్చుకొనువాడు ఒక గుంట పూడ్చి మరియొక గుంట త్రవ్వినవాడగును. ఇవన్నియు నెరవేరిన పిమ్మట ధనము మిగిలియున్నచో, దానిని ఇనుపపెట్టెలో నిద్రపుచ్చక వాహనపు అప్పును ఎంత త్వరగా తీర్చిన అంత మంచిది.

చేబదులు ఇచ్చినవారు అడుగుట లేదు గదా, వారికి అక్కర లేదేమో యని కొందరందురు. అడుగుట లేదనుట అక్కర లేదనుటకు సాక్ష్యము కాదు. మొగమాటము చేతను, బంధుత్వము చెడునను భయము చేతను అడుగనివారే పెక్కురు. మనమే వెళ్లి, ఇచ్చెదము, పుచ్చుకొనుడని చెప్పినప్పుడు, వారు ఇంకను ఉంచుకొనుమన్నచో అది వారి ఔదార్యము. మనము అడుగకుండ ఉంచుకొన్నచో అది మన స్వార్థము.

ఋణము తీర్చినవారు ముగింపు పనులను కూడ మరువరాదు. బ్యాంకు నుండి నిరభ్యంతర పత్రమును, ఫారము 35ను పుచ్చుకొని, రవాణా కార్యాలయమున ఆర్.సి.లోని హైపోథికేషను గుర్తును తొలగింపజేసికొనవలెను. అది జరుగువరకు అప్పు తీరినను వాహనము కాగితము మీద ఋణగ్రస్తమే. చేబదులుకు అట్టి ఫారము లేదు. దానిని ముగించుటకు మనమే ఆ ఇంటి గడప ఎక్కి, సొమ్మును చేతిలో పెట్టి, ఇన్నాళ్లు నిలిపినందుకు ఒక మంచి మాట చెప్పవలెను. ఆ పని ముందు చేసి, పిదప బ్యాంకునకు పోవుదము.