అమ్మకు మాటామంతీ కావాలి

ఒరే నాన్నా, అమ్మకు ఏ లోటూ రానివ్వడం లేదు, అయినా పేర్లు మర్చిపోతోందని బెంగపడుతున్నావు. నువ్వు చూసుకునే తీరుకు వంక పెట్టడానికేమీ లేదు. వంటమనిషి ఉంది, మందులు వేళకి అందుతున్నాయి, ఎదురుగా టీవీ ఉంది. మాట్లాడే మనిషే లేదురా.

తెనాలిలో అమ్మ కూరలు కొనడం గుర్తుందా? బెండకాయ కొస విరిచి చూసేది. పోయిన వారం ధర ఎత్తి బేరమాడేది. చిల్లర లెక్క చూసుకుంటూనే, గంప దించినావిడను కూతురి పురుడెప్పుడని అడిగేది. ఆ కాసేపట్లో బుర్రకి ఎంత పనో ఆలోచించు. విన్నది పట్టుకోవాలి, పాతది తవ్వి తీయాలి, ఎదుటి మనిషి మొహం చూసి మాట మార్చుకోవాలి. ఇప్పుడు ఫోన్లో నొక్కితే కూరలు గుమ్మంలోకొస్తున్నాయి. టీవీ చూడ్డమే గానీ, దానికి బదులు చెప్పక్కర్లేదు.

2024లో లాన్సెట్ కమిషన్ నిపుణులు, డిమెన్షియాకు దారితీసేవాటిలో మనం సరిచేసుకోగలిగినవి 14 ఉన్నాయన్నారు. అన్నిటినీ చక్కదిద్దగలిగితే దాదాపు 45 శాతం కేసులు రాకుండానో, ఆలస్యంగా వచ్చేలానో చూడొచ్చట. నలుగురికీ దూరమైపోవడం అందులో ఒకటి, వినికిడి తగ్గడం ఇంకొకటి. ఈ రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. సరిగా వినపడనివాళ్ళు మాటిమాటికీ "ఆఁ?" అనడానికి మొహమాటపడి, మెల్లగా పక్కకి తప్పుకుంటారు.

డిమెన్షియా మొదలైనవాళ్ళు కూడా అలాగే ముడుచుకుపోతారు. అందుకని ముందు డాక్టరుకు చూపించు. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, మనసులో దిగులు పట్టుకున్నా మతిమరుపు రావచ్చు. వాటికి వైద్యం ఉంది.

ఇంట్లో ఒక్కటి గట్టిగా పాటించండి. చెప్పిన సంగతే మళ్ళీ చెబితే "ఇందాకే చెప్పావుగా" అనొద్దు, అందులోనూ పిల్లల ముందు. రెండుసార్లు అలా అనిపించుకున్న మనిషి మూడోసారి నోరు విప్పదు. మాగాయ కలిపేటప్పుడు ఉప్పూ కారం పాళ్ళు కోడలు అమ్మనే అడగాలి, నిజంగా తెలుసుకోవడానికే అడగాలి.

సాయంత్రాలు మీ అపార్టుమెంటు కింద ఆడవాళ్ళు కూర్చుంటారు కదా, కొన్నాళ్ళు నువ్వే వెంట తీసుకెళ్ళు. అందరితో కలవమని బలవంతపెట్టకు. మనసుకి నచ్చిన ఇద్దరు దొరికినా చాలు. దెప్పిపొడిచే చుట్టాల మధ్య కూర్చోబెడితే దిగులు పెరగడమే తప్ప ఒరిగేదేమీ ఉండదు.

తెనాలిలో అమ్మ పక్కింటావిడ నంబరు పంపుతున్నాను. అమ్మ ఫోన్లో అన్నిటికన్నా పైన పెట్టు. మధ్యాహ్నాలు ఇద్దర్నీ మాట్లాడుకోనీ, ఎంతసేపైనా సరే. చెవుల పరీక్ష మాత్రం ఈ వారమే చేయించు. ఏమన్నారో ఆ సాయంత్రమే నాకు చెప్పు.