ఊరి పంట – స్వామి ఆరగింపు

శ్రీమద్రామాయణమున అయోధ్యాకాండయందలి చిత్రకూట ఘట్టము ఆస్తికులందఱు ఎఱిగినదే. భరతుని వలన తండ్రి మరణవార్త విని మూర్ఛిల్లిన శ్రీరామచంద్రుడు తేఱుకొని, మందాకినీ నదిలో జలతర్పణము విడిచి, ఒడ్డున దర్భలు పఱచి పిండప్రదానము చేయవలసి వచ్చినది. అయోధ్యలో నున్నచో శాల్యన్నమునకు, నేతికి, తేనెకు కొదవ లేదు. ఆ అడవిలో దొరకినది గారపిండి. అందు కలిపినవి రేగుపండ్లు. స్వామి దానినే పిండముగా నుంచి, తాము తినుచున్నది ఇదియే గనుక ప్రీతితో స్వీకరింపుమని తండ్రిని వేడెను. మనుష్యుని ఆహారమేదో వాని దేవతలకును అదియే ఆహారమని కారణము కూడ చెప్పెను. పిదప కౌసల్యాదేవి ఆ రేవునకు వచ్చి దర్భలపై నున్న పిండమును చూచి దుఃఖించినది. లోకమున వాడుకగా వినవచ్చు ఆ మాట నేడు సత్యమని తోచుచున్నదని ఆమె పలికినది.

పురాణ కాలక్షేపములలో ఈ ఘట్టమును కరుణరసమునకై విస్తరించి చెప్పుదురు. అందు ఒక ధర్మసూక్ష్మము కూడ ఇమిడియున్నది. నీవున్న నేల ఏమి యిచ్చినదో, నీవేమి తినుచున్నావో, అదియే దేవునికి. అంతకంటె గొప్పది తేలేదని స్వామి కోపింపడు. కాని నీవు మంచిది తిని దేవునికి తక్కువది పెట్టుట ఆ మాటకు విరుద్ధము. నేటి అంగళ్లలో పూజ బియ్యమని, పూజ నూనె యని, పూజ కొబ్బరికాయ యని వేఱుగా అమ్ముచున్నారు. పూజకన్నంతనే ధర తగ్గుటకు కారణమేమో కొనువారు విచారింపవలదా? వంటకు పనికిరాని నూనెయు, నూకలతో నిండిన బియ్యమును దేవుని గదిలోనికి ఏ శాస్త్రప్రకారము వచ్చినవో నాకు తెలియదు.

మన సింహపురి సీమ సంగతి చూతము. నెల్లూరు అను పేరు నెల్లు, అనగా వరిధాన్యము, అను మాట నుండి వచ్చినదని కొందఱు, నెల్లిచెట్టు, అనగా ఉసిరిక, నుండి వచ్చినదని మఱికొందఱు చెప్పుదురు. రెండును ఆహారపదార్థములే యగుట విశేషము. పెన్నానది సంగము ఆనకట్ట యొద్దను, నెల్లూరి యొద్దను కాలువలుగా చీలి ఈ మాగాణులను తడుపుచున్నది. ఆ రెండు చోట్లను 2022వ సంవత్సరము సెప్టెంబరులో క్రొత్త బారేజీలు ప్రారంభింపబడినవి. ఆ నదికి దక్షిణపుటొడ్డున తల్పగిరి రంగనాథస్వామి శయనించి యున్నాడు. ఈశాన్య ఋతుపవన వర్షములతో నాటిన పైరు మాఘ ఫాల్గుణములలో కోతకు వచ్చును. స్వామివారి బ్రహ్మోత్సవములును ఆ కోతల వెనువెంటనే వచ్చును. క్రొత్తధాన్యము ఇంటికి వచ్చిన రైతు బండి కట్టుకొని రంగనాయకుల సేవకు వచ్చెడివాడు. పంటకును పండుగకును గల ఈ పొత్తు కాకతాళీయమని నేననుకొనను.

నెల్లూరు మొలకొలుకులు అను పేరు ఒకప్పుడు చెన్నపట్టణము దాక ప్రసిద్ధము. సన్నని గింజ, తేలికగా నుండెడి అన్నము. అది ఇంచుమించు ఆఱు నెలల పంట; ఎత్తుగా పెరిగి గాలివానకు ఒరిగిపోయెడిది. 1966లో ఐ.ఆర్.8 వచ్చిన పిమ్మట పొట్టిగా నుండి అధికముగా పండెడి రకములు వ్యాపించినవి. దేశమునకు ఆకలి తీరినది. దీనిని నిందించుట కృతఘ్నత. 1986లో బాపట్ల నుండి సాంబ మసూరి వచ్చెను. మన నెల్లూరు పరిశోధన కేంద్రములోనే పుట్టిన ఎన్.ఎల్.ఆర్. 34449ను నెల్లూరు మసూరి అని పిలుచుచున్నారు. ఈ బియ్యము కూడ మన నేలదే, మన నీటిదే. మొలకొలుకులు దొరకని యిండ్లలో దీనిని ఆరగింపు చేయుటకు సంకోచింపనక్కఱలేదు. అయితే పాత విత్తనము పూర్తిగా మాసిపోకుండ, ఊరికొక్క రైతైనను అరకుంటలో మొలకొలుకులు వేసి, ఆ పంటను స్వామి తళిగకు సమర్పించినచో ఎంత బాగుండును!

ఇక అసలు విషయమునకు వచ్చెదను. ఆహారశుద్ధి వలన సత్త్వశుద్ధి కలుగునని ఛాందోగ్యోపనిషత్తు బోధించినది. భగవద్రామానుజులు శ్రీభాష్యమున సాధనసప్తకమును చెప్పుచు, అందు మొదటిదైన వివేకమును వివరించిరి. జాతి, ఆశ్రయ, నిమిత్తములను మూడు దోషములు లేని అన్నము వలన దేహము శుద్ధి యగుటయే వివేకము. జాతిదోషము ఉల్లి, వెల్లుల్లి మొదలగు వస్తువుల స్వభావమునకు సంబంధించినది. నిమిత్తదోషము వెండ్రుక పడుట, ఎంగిలి యగుట వంటిది. ఈ రెండింటిని మన యిండ్లలో బాగుగనే పాటింతురు. నడుమనున్న ఆశ్రయదోషమును మాత్రము మఱచితిమి. ఆ అన్నము ఎవరి నుండి, ఏ మార్గమున వచ్చినదను విచారణయే అది. దీనిని వెనుకటి కాలమున కొందఱు మనుష్యులను దూరముగా నుంచుటకు సాధనముగా వాడుకొనిరి. అది సరికాదని నా అభిప్రాయము. అన్యాయముగా ఆర్జించిన ధనముతో వచ్చిన అన్నము, ఒకని కడుపు కొట్టి తెచ్చిన అన్నము – ఇవి ఆశ్రయదుష్టములు.

దీనికి ప్రమాణము భారతముననే కలదు. రాయబారమునకు హస్తినకు వచ్చిన కృష్ణపరమాత్మను దుర్యోధనుడు విందునకు పిలిచెను. ప్రీతి యున్నచోట గాని, ఆపదలో నున్నప్పుడు గాని పరుల అన్నము తినవలెననియు, ఇక్కడ ఆ రెండును లేవనియు చెప్పి స్వామి విదురుని గృహమునకు వెడలెను. దుర్యోధనుని వంటశాలలో జాతిదోషము లేదు, నిమిత్తదోషము లేదు. ఆ ఉద్యోగపర్వమును తెలుగు చేసిన తిక్కన సోమయాజి ఈ నెల్లూరివాడే, మనుమసిద్ధి మంత్రియే. రంగనాథుని సన్నిధిలోనే భారతరచన చేసెనని మన ప్రాంతమున చెప్పుకొందురు.

ఈ దృష్టితో మన వంటింటి బియ్యపు సంచిని చూడుడు. దానిపై దేవుని బొమ్మ యుండును. ఏ ఊరి ధాన్యమో, రైతునకేమి ముట్టినదో ఉండదు. మన జిల్లాలో ధాన్యమును పుట్ల లెక్కన అమ్ముదురు; పుట్టి యనగా 850 కిలోలు. 2024–25వ సంవత్సరమునకు కేంద్రప్రభుత్వము మేలురకపు వడ్లకు నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలుకు 2320 రూపాయలు. ఆ లెక్కన పుట్టికి 19,720 రూపాయలు రావలెను. కోతలన్నియు ఒక్కసారిగా వచ్చినప్పుడు, తేమ యున్నదని ధర తగ్గించి, తూకములో తరుగు తీసి, కళ్లములోనే అడిగినంతకు అమ్ముకొనవలసిన స్థితి రైతునకు కలుగుచున్నది. ఆరబెట్టుకొనుటకు చోటు లేదు, నిలువ చేయుటకు గాదె లేదు, అప్పు తీర్చు గడువు మీదికి వచ్చియుండును. ఆ సమయమున ఊరిలోని పది గృహస్థులు తలకొక అరపుట్టి ధాన్యమును న్యాయమైన ధరకు కొని, ఎండబెట్టి, నిలువ యుంచుకొని, నెలనెల మర పట్టించుకొన్నచో, పాతబియ్యపు రుచి వారికి, నిండు ధర రైతునకు. మన పితామహులు గాదెలు కట్టినది అందులకే.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. ఎవరి ఊరి పంట వారే తినవలెనన్నచో, నెల్లూరు బియ్యమును చెన్నైవారు కొననేల? న్యాయమైన ప్రశ్నయే. మిగిలిన పంట పొరుగూళ్లకు పోవలసినదే. లేనిది పైనుండి రావలసినదే. తిరుమలలో అన్నప్రసాదమునకు ఎన్నియో ఊళ్ల రైతులు కూరగాయలు సమర్పించుచున్నారు. 2021 మే నెలలో అచట గోఆధారిత వ్యవసాయపు బియ్యముతో నైవేద్యము ప్రారంభించినప్పుడును ధాన్యము బయటి పొలముల నుండి వచ్చినదే. దూరము దోషము కాదు. చేరువనున్న దానిని విడిచి, ఎవరిదో తెలియని దానిని చౌకదనమునకై తెచ్చుకొనుటయే దోషము.

ఆ తిరుమలలోనే కొత్త మట్టికుండ ఓటిలో పెట్టిన పెరుగన్నము మాత్రమే కులశేఖరపడి దాటి ఆరగింపునకు పోవునని పెద్దలు చెప్పుదురు. కుమ్మరి భక్తుడైన కురువనంబి కథను దానికి ముడిపెట్టుదురు. పాలు, బియ్యము, మన్ను – ఏ పల్లెలోనైనను దొరకునవే. శ్రాద్ధకర్మలలో వాడెడి పదార్థములను కూడ గమనింపుడు: అరటికాయ, కంద, చామదుంప, కాకర, పెసరపప్పు, మినుములు, నువ్వులు, మిరియములు. సముద్రము దాటి వచ్చిన మిరపకాయకు, బంగాళాదుంపకు అందు చోటులేదు. ఛాందసమని నవ్వువారు నవ్వుదురు గాక. ఈ నేల మీద పూర్వము ఏమి పండెడిదో తెలుపు పట్టిక అది. కంద, చామ పండించు రైతు ఇంకను మిగిలియున్నాడనిన, కొంతవఱకు ఆ ఛాందసమే కారణము.

తీరమునకు వచ్చెదము. ఇసకపల్లి ఉప్పు, గూడూరు నిమ్మ – ఇవి రెండును ఉన్నచో ఏ యింట నైనను ఊరగాయకు లోటులేదు. సముద్రపుటొడ్డున మత్స్యకారులు తినెడి దానిని గూర్చి తీర్పు చెప్పుట నా పని కాదు. నిషాదపతియైన గుహుడు నానావిధములైన ఆహారములు తెచ్చి ముందుంచినప్పుడు, రామచంద్రుడు వ్రతనియమము వలన వానిని స్వీకరింపక, గుఱ్ఱములకు మేత మాత్రము అడిగి, గుహుని కౌగిలించుకొనెను. మనకు ఆ మర్యాద చాలును. కాని ఒక సంగతి చెప్పక తప్పదు. 1990వ దశకమున ఈ తీరమున వరిపొలములు, ఉప్పుటేళ్ల గట్లు రొయ్యల చెఱువులుగా మాఱినవి. చెఱువుల ఉప్పునీరు ఊటబావులలోనికి దిగి, కొన్ని పల్లెలలో త్రాగునీరు చెడెను. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు రొయ్యల చెఱువులపై ఇచ్చిన తీర్పులో మన జిల్లాలోని కూరు గ్రామపు నీటి యిక్కట్టు కూడ ప్రస్తావింపబడినది. ఎక్కడివారి విందునకో మన బావి ఉప్పగుట యుక్తమా?

దేవాలయముల సంగతి కూడ ఒక్క మాట. స్వామివారి మాన్యముల ధాన్యము తిన్నగా మడపల్లికి చేరి, ఆ బియ్యమే తళిగయై, తదీయారాధనములో భక్తుల విస్తరిలోనికి వచ్చెడిది. నేడు పెక్కుచోట్ల భూములను వేలము వేసి సొమ్ము జమ చేసికొని, బియ్యము అంగడిలో కొనుచున్నారు. లెక్కలకు అది సులువే. కౌలు రైతు అంగీకరించినచో, కౌలులో కొంత భాగమునైనను ధాన్యముగా తీసికొనవచ్చునేమో ధర్మకర్తలు ఆలోచింపవలెను. స్వామి పొలము పంట స్వామికే ఆరగింపగును. ఆ రైతు కూడ ప్రసాదము తినునపుడు తన గింజను గుర్తుపట్టును.

నేను పాఠశాలలో చదువుకొన్న రోజులలో మాకు భోజనము పిడిబియ్యము వలన జరిగెడిది. ఊరిలో ప్రతి గృహిణియు ఎసట బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేఱొక కుండలో వేసెడిది. పక్షమున కొకసారి మేము పోయి తెచ్చుకొనెడివారము. నాలుగు రకముల బియ్యము కలియుటచే అన్నము ఒకచోట మెత్తగాను, ఒకచోట పలుకుగాను ఉండెడిది. శబ్దమంజరి వల్లించు పిల్లలము, ఇది ఫలానా వీధి బియ్యమని పందెములు వేసికొనెడివారము. ఇప్పటికిని ఈ పద్ధతిని ఊరి ఆలయమునకో, వేదపాఠశాలకో పునరుద్ధరించుట కష్టము కాదు. ఒక కుండ చాలును.

యాత్రికులకు ఒక విన్నపము. వైశాఖమున పెంచలకోన బ్రహ్మోత్సవములకు పోవువారు, స్వామి చెంచులక్ష్మిని వరించిన కొండ అది యని మఱువవలదు. అడవిలోని తేనె, పండ్లు, దుంపలు ఎఱిగిన కన్య ఆమె. అక్కడ గంపలలో ఆకుకూరలో, నిమ్మకాయలో, సీతాఫలములో పెట్టుకొని కూర్చుండెడి స్త్రీల యొద్ద ఆయా కాలమున దొరకినది కొనుడు, వారితో బేరమాడవలదు. ఇంటికి తీసికొనిపోయి, మొదట దేవునికి చూపి, పిమ్మట పిల్లలకు పెట్టుడు. అది ఏ చెట్టుదో, ఏ ఊరిదో పిల్లలు అడిగినచో చెప్పుటకు వీలుగా, కొనునపుడే ఆమెను అడిగి తెలిసికొనుడు.