బిగువును ఎవరు చూశారు?

సొంతంగా విమానం కట్టుకునేవారు ఇంజన్ మౌంటును ఫైర్‌వాల్‌కు పట్టించి బోల్టులు బిగించేటప్పుడు, కావలసింది బోల్టు లోపలి బిగువు. మౌంటును కదలకుండా అదిమి పట్టేది అదే. టార్క్ రెంచి మాత్రం నట్టును తిప్పడానికి ఎంత బలం పట్టిందో చెబుతుంది. ఆ బలంలో దాదాపు 90 శాతం మరల మధ్య, నట్టు కింద రాపిడికే ఖర్చవుతుంది. కాబట్టి బిగువు మనకు అనుమాన ప్రమాణం వల్లే, అంటే కనబడినదాన్నుంచి కనబడనిదాన్ని తేల్చుకోవడం వల్లే తెలుస్తోంది. అనుమానం చెల్లాలంటే దాని వెనక దాగిన షరతు కూడా తెలియాలంటారు న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు. తర్కసంగ్రహం రాసిన మన అన్నంభట్టు ఇచ్చిన ఉదాహరణే చూడండి: నిప్పు ఉంది కనుక పొగ ఉందనలేం, తడికట్టె తోడవ్వాలి. ఆ తడికట్టెకు ఉపాధి అని పేరు. ఇక్కడ ఉపాధి రాపిడి. 3/8 అంగుళాల సన్నమర బోల్టుకు అమెరికా విమానయాన సంస్థ ఎఫ్.ఏ.ఏ. పట్టిక ఇచ్చే 160-190 అంగుళం-పౌన్లు నూనె తగలని, శుభ్రమైన మరలకే వర్తిస్తాయి. నూనె రాసి అదే అంకెకు బిగిస్తే బోల్టు అనుకున్నదానికంటే ఎక్కువ సాగుతుంది. సెల్ఫ్-లాకింగ్ నట్టయితే అది ఊరికే తిరగడానికి పట్టే బలాన్ని ముందు కొలిచి, పట్టికలోని అంకెకు కలపాలి. ఇది చాదస్తం కాదు. అంకెకు అర్థం వచ్చేదే ఈ షరతుల వల్ల.

చేయి తిరిగిన మెకానిక్‌కు పట్టుతోనే తెలిసిపోతుందని కొందరంటారు. అనుభవాన్ని నేను గౌరవిస్తాను. కానీ ఆ చేతికి తగిలేదీ రాపిడితో కలిసిన బలమే. రెంచికి కనబడని బిగువు చేతికీ కనబడదు. ఇంతకంటే బలమైన ఆక్షేపణ, ప్రత్యక్షాన్నే నమ్మే చార్వాకులది: షరతులన్నీ తెలిశాయని ఎవరు చెప్పగలరు? అలాంటప్పుడు అనుమానాన్ని నమ్మి ఆకాశంలోకి ఎగరడం ఎలా? దీనికి నైయాయికుడైన ఉదయనుడి సమాధానమే నాకు సమ్మతం. మన నడవడికే అడ్డం తగిలే చోట సందేహం ఆగిపోతుంది. ఆకలికి అన్నం తింటూనే అన్నం ఆకలి తీరుస్తుందా అని శంకించడం కుదరదు. అయితే ఈ సమాధానం బద్ధకానికి అనుమతి కాదు. పరీక్షించడానికి వీలున్న సందేహాన్ని పరీక్షించాకే ఆ హద్దు వస్తుంది.

పరీక్షించకుండా నమ్మరాదనడానికి మంచి సాక్ష్యం, బిగించాక నట్టు మీదుగా గీసే రంగు గీత. గీత చెదిరితే నట్టు తిరిగిందని తెలుస్తుంది. చెదరకపోతే బిగువు నిలిచిందని మాత్రం తేల్చలేం. వాషరు కింద మందంగా పూసిన పెయింటు నలిగి అణిగితే నట్టు కదలకుండానే బిగువు తగ్గుతుంది. గీత నిజమే చెప్పింది, మనం దాన్నుంచి తీసిన నిర్ణయమే తప్పు. అందుకే ఇలాంటి విమానం కట్టేవారికి నా మనవి: మౌంటు తయారీదారు వేరే అంకె ఇస్తే పట్టికను పక్కనపెట్టి దాన్నే పాటించండి. మొదటి కొద్ది గంటలు ఎగిరాక, గీత చెక్కుచెదరకపోయినా, రెంచి మళ్లీ పట్టండి.