అనుమానం ప్రమాణమయ్యేది ఎప్పుడు?

తెలుగులో అనుమానం అంటే సందేహం. తర్కశాస్త్రంలో అనుమానం అంటే సందేహాన్ని తీర్చే జ్ఞానసాధనం. ఒకే మాటకు ఇలా ఎదురెదురు అర్థాలు పట్టడం భాష చేసిన పొరపాటు కాదని నా నమ్మకం. కంటికి కనపడని కారణాన్ని వెతికే మనిషి మొదటి అర్థంలో బయలుదేరి రెండో అర్థానికి చేరాలి. చాలామంది సగం దారిలో ఆగిపోయి, ఆగినచోటే తీర్పు చెప్పేస్తారు. ఆ దారి ఎక్కడ తప్పుతుంది, ఎలా నిలబడుతుంది అన్నది పెద్ద ప్రశ్న. దాన్ని చిన్న వస్తువు మీద పరీక్షించడమే మేలు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రోడ్ల మీద ఇప్పటికీ తిరిగే పాత మారుతి 800 తీసుకుందాం. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో తయారీ ఆగిన బండి. కింద నేల మీద నల్లటి ఆయిల్ చుక్కలు. ప్యాకింగ్ మార్చారు, ఆగలేదు. సీలు మార్చారు, ఆగలేదు. కార్యం కళ్ళముందే ఉంది, కారణం లేదు.

ముందు ఒక ఏరు సంగతి చూద్దాం. పెన్న నది హిందూపురం దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. ఊళ్ళో చినుకు పడని రోజున ఆ ఇసుక మీద ఎర్రనీళ్ళు వచ్చాయంటే ఎగువన గౌరీబిదనూరు వైపు గట్టి వాన పడిందని ఎవరైనా చెబుతారు. తర్కశాస్త్రానికి మూలమైన న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు, కార్యాన్ని బట్టి కారణాన్ని తెలుసుకునే శేషవదనుమానానికి ఈ ఉదాహరణే ఇచ్చాడు: ఏరు నిండింది, వడి పెరిగింది, కాబట్టి పైన వాన కురిసింది. దీనికి ఆక్షేపణ కూడా ఆ సూత్రాల్లోనే, రెండో అధ్యాయంలో ఉంది. ఏరు నిండటానికి వానే అక్కర్లేదు, దిగువన కట్ట వేసినా నిండుతుంది. చీమలు గుడ్లు మోసుకుపోతే వాన వస్తుందంటారు, పుట్ట చెదిరినా మోసుకుపోతాయి. నెమలి అరుపు అనుకున్నది నెమలిని అనుకరించే మనిషి అరుపు కావచ్చు. అందుచేత అనుమానం నమ్మదగినది కాదు అని ఆక్షేపణ. దానికి నైయాయికులు ఇచ్చిన జవాబు నాకు చాలా ఇష్టం. తప్పు అనుమానానిది కాదు, అనుమానించినవాడిది. కట్టకు ఆగి నిండిన నీరు నిలకడగా ఉంటుంది. వానకు వచ్చిన నీరు వడిగా, నురగతో, ఆకులూ పుల్లలూ మోసుకుంటూ వస్తుంది. ఉత్త నిండుదనాన్ని గుర్తుగా తీసుకున్నవాడు అసలు గుర్తును చూడనే లేదు.

ఇంజిను ఆయిల్ కూడా ఏరులాంటిదే. ఎగువన కారుతుంది, దిగువన కనిపిస్తుంది. మారుతి 800లో సిలిండర్ హెడ్ కొసన డిస్ట్రిబ్యూటర్ ఉంటుంది, దానికో చిన్న రబ్బరు ఓ-రింగు. ఏళ్ళ తరబడి వేడికి ఆ రబ్బరు గట్టిపడి పెళుసెక్కితే ఆయిల్ సన్నగా ఊరి, హెడ్ అంచు పట్టుకుని, వెనక వైపు దిగి, ఇంజినూ గేరుబాక్సూ కలిసేచోట చుక్క కడుతుంది. అక్కడి తడి చూసినవాడు క్రాంకు సీలు పోయిందంటాడు. ఆ సీలు మార్చాలంటే గేరుబాక్సు దింపాలి, ఓ-రింగుకు ఆ అవసరమే లేదు. ట్యాపెట్ కవర్ దగ్గర మొదలైనది, కింద ఆయిల్ నిలిచే చాంబర్ ప్యాకింగ్ లీకులా కనిపిస్తుంది. బండి పరుగెత్తుతుంటే గాలి ఆ తడిని వెనక్కి ఈడ్చి పూస్తుంది. ఇక్కడి ఎర్రదుమ్ము దాని మీద అట్టకట్టి, ఏది నిన్నటి మరకో ఏది నాలుగేళ్ళ కిందటిదో తెలియకుండా చేస్తుంది. కంటికి కనిపించిందే ప్రమాణం అన్న చార్వాకుడు ఇక్కడ కళ్ళారా చూసి మోసపోతాడు.

అందుకే పని తెలిసిన మెకానిక్ వెతకడానికి ముందు కడుగుతాడు. చల్లారిన ఇంజిను మీది అట్టను కిరసనాయిలులో ముంచిన బ్రష్షుతో రుద్ది, కడిగి, బాగా ఆరనిచ్చి, మొహానికి రాసుకునే పౌడరు పలచగా చల్లుతాడు. తర్వాత వేడెక్కేదాకా నడిపి టార్చి వేసి చూస్తాడు. తెల్లటి పౌడరు మీద మొదట ఆవగింజంత గోధుమరంగు మచ్చ లేస్తుంది. కాసేపటికి అది వెంట్రుకలా సాగి కిందికి దిగుతుంది. చూడవలసింది ఆ గీత పై కొసను. దానికి పైన పౌడరు ఇంకా పొడిగా, తెల్లగా ఉందా అన్నదే అసలు సాక్ష్యం. తడి ఒక్కటే రుజువు కాదు, తడికి పైన పొడి కూడా ఉండాలి. ఉన్నచోట ఉండటం, లేనిచోట లేకపోవడం: అన్వయ వ్యతిరేకాలంటే ఇవే. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో పొగనూ నిప్పునూ ముడివేస్తూ వంటింటిని ఒక పక్కన, మడుగును మరో పక్కన నిలబెట్టింది ఇందుకే. అంటే ఈ కడగడం శుభ్రత కోసం కాదు, గుర్తును సిద్ధం చేయడం కోసం. పాత మరకల మీద ఎంత చురుకైన బుద్ధి పనిచేసినా అది సందేహంగానే మిగులుతుంది. తుడిచిన నేల మీద తిరిగి పుట్టిన గుర్తును చూసినప్పుడే అనుమానం ప్రమాణమవుతుంది. ఈ వ్యాసంలో నేను నిలబెట్టదలచినది ఈ ఒక్క మాటనే.

ధర్మవరం పట్టు మగ్గాన్ని చూస్తే దీనికి మరో వైపు తెలుస్తుంది. చీరలో లోపం కనిపించేది నేసిన బట్టలో, దాని పుట్టుక మాత్రం వేరే చోట. నిలువునా ఒకే గీత సాగిపోతుంటే పడుగులో పోగు తెగిందో, జాకార్డులో ఒక కొక్కెం లేవడం లేదో. బుటా వచ్చిన ప్రతిసారీ ఒకే చోట అదే లోపం తిరిగి వస్తుంటే, అట్టల్లో ఒక రంధ్రం తప్పు పడింది. అడ్డంగా ఒక్కచోట పట్టీలా కనిపిస్తే పేకను చూడాలి. లోపం ఎక్కడుందన్న ప్రశ్న కంటే ఎలా తిరిగి వస్తోందన్న ప్రశ్న నేతగాణ్ణి త్వరగా కారణం దగ్గరికి చేరుస్తుంది. ఆయిల్ కూడా అంతే. రాత్రంతా నిలిపిన బండి కింద చుక్క పడిందంటే చాంబర్ వైపు, డ్రెయిన్ నట్టు వాషర్ వైపు చూడాలి. నిలిచినప్పుడు పొడిగా ఉండి, ఇంజిను తిరిగినప్పుడే చిమ్మితే ఒత్తిడితో ఆయిల్ వెళ్ళే దారులను, అంటే ఫిల్టరునూ ప్రెషర్ స్విచ్‌నూ అడగాలి. వాత్స్యాయనుడు శేషవత్ అన్న మాటకు రెండో అర్థం కూడా చెప్పాడు: ఒక్కొక్కటిగా కొట్టివేయగా శేషించినదే జవాబు. ఒకే మాటలో ఈ రెండు దారులూ ఇమిడి ఉన్నాయి. మెకానిక్‌కు రెండూ కావాలి.

ఇంత తర్కం దేనికి, ఇంజిను దింపి ప్యాకింగులూ సీళ్ళూ అన్నీ ఒకేసారి మార్చేస్తే పోదా అని అడగవచ్చు. ఇది తేలిగ్గా తోసిపుచ్చే ప్రశ్న కాదు. బండి నడిస్తేనే పూట గడిచేవాడికి వారం రోజుల విచారణ భారమే. కానీ అన్నీ మార్చాక లీకు ఆగినా ఏది ఆపిందో తెలియదు. అది అందిన ఫలితమే గాని తెలిసిన విషయం కాదు. పైగా చాలాసార్లు ఆగదు కూడా. ఎందుకో నైయాయికులు ఏనాడో చెప్పారు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గాని, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. కట్టె తడిదైతేనే పొగ. చాటున ఉండి ఫలితాన్ని నడిపే ఆ తడి కట్టెను ఉపాధి అన్నారు. పాత ఇంజినులో తడి కట్టె ఏమిటంటే, షెడ్లలో బ్యాక్ కంప్రెషన్ అంటారే, అది. రింగులు అరిగి, మండిన గాలి పిస్టను పక్కనుంచి కిందికి దిగుతుంది. అది పోవలసిన బ్రీదర్ పైపు మడ్డితో పూడిపోయి ఉంటే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనమైన ప్రతి అతుకు దగ్గరా ఆయిల్‌ను బయటికి నెడుతుంది. ఇంజిను తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ గుప్పుగుప్పున తన్నడం దాని గుర్తు. ఆ పొగను చూడకుండా కొత్త సీలు వేస్తే కొత్త సీలూ కారుతుంది. అప్పుడు నింద ఆ సీలు అమ్మినవాడి మీదా, వేసిన కుర్రవాడి చేతుల మీదా పడుతుంది. తప్పు చేయనివాడు మాట పడటం చిన్న విషయం కాదు. తడిసినచోటే దోషి అనుకునే అలవాటు షెడ్డులో డబ్బు పోగొడుతుంది, ఇంట్లోనూ ఊళ్ళోనూ మనుషులను పోగొడుతుంది. అందుకే కారణాన్ని సరిగ్గా వెతకడం నా లెక్కలో తెలివికి సంబంధించిన పని మాత్రమే కాదు, ధర్మానికి సంబంధించినది కూడా.

మరొకరు పెనుకొండ పక్కన ఎర్రమంచి వైపు చెయ్యి చూపవచ్చు. అక్కడి కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. ఈ కాలపు బండికి స్కానర్ తగిలిస్తే లోపం తెర మీద పడుతుంది, ఈ తర్కం పాత బళ్ళతోనే పోతుంది కదా అని. పోదు. ఆయిల్ ప్రెషర్ తగ్గిందని సెన్సర్ చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. అదీ ఒక గుర్తే, ఏట్లో పెరిగిన నీటిమట్టం లాంటిది. ఆయిల్‌లో రంగు కలిపి నీలి దీపం కింద వెలిగే గీతను వెతికే కొత్త పద్ధతి కూడా పౌడరు చల్లడానికి మరో రూపమే.

అసలు గట్టి ఆక్షేపణ వేరే ఉంది. సీలు కారింది ఒత్తిడి వల్ల, ఒత్తిడి పెరిగింది బ్రీదర్ పూడటం వల్ల, బ్రీదర్ పూడింది సమయానికి ఆయిల్ మార్చకపోవడం వల్ల, మార్చనిది చేతిలో డబ్బు లేక, డబ్బు లేనిది వేరుశనగ పండక, అది పండనిది వాన రాక. ఈ సీమలో ఏ గొలుసు పట్టుకుని లాగినా చివరికి వాన దగ్గరికే చేరుతుంది. కారణానికి కారణం ఉన్నప్పుడు వెతకడం ఎక్కడ ఆపాలి? ఎక్కడ ఆపినా అది మన ఇష్టమే కదా? నైయాయికుడైన ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో దీని దగ్గరి ప్రశ్నకు జవాబిచ్చాడు: సందేహానికి హద్దు మన నడవడిక. ఆ మాటను విప్పుతూ తర్వాతి నైయాయికుడు గంగేశుడు చూపించినట్టు, పొగకు నిప్పు కారణమా అని శంకించేవాడు కూడా పొగ కావలసినప్పుడు నిప్పే రాజేస్తాడు. ఏ మెట్టు దగ్గర చెయ్యి పెడితే ఫలితం మారుతుందో ఆ మెట్టు దగ్గర ఈ ప్రశ్నకు విచారణ ముగుస్తుంది. కరువు అబద్ధం కాదు, దాన్ని వేరే చోట, వేరే పనిముట్లతో అడగాలి. షెడ్డులో చెయ్యి అందేది బ్రీదర్ పైపుకు. దాన్ని విప్పి, మడ్డి తీసి, కడిగి బిగించాలి. ఒక జ్ఞానం నిజమా కాదా అన్నది ఫలించిన ప్రయత్నమే చెబుతుందన్న మాటతోనే వాత్స్యాయనుడి భాష్యం మొదలవుతుంది. ఇక్కడ ఆ పరీక్షకు పాత పేపరు ఒకటి చాలు. రాత్రి బండి కింద పరిచి, కదలకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, పొద్దున్నే తీసి వెలుతురులో చూడాలి. ఒక్క చుక్క కనిపించినా మళ్ళీ కిరసనాయిలు, బ్రష్షు, పౌడరు.