అనాప్తుని మాట

2003వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన బాగ్దాదు నగరమున అమెరికా పాత్రికేయుడు డాన్ రాదర్ ఇరాకు దేశాధ్యక్షుడు సద్దాం హుస్సేనునకు ఎదురుగా కూర్చుండి, ముంచుకొని వచ్చుచున్న యుద్ధమును గూర్చి ప్రశ్నలడిగెను. తమ దేశమున నిషిద్ధాయుధములు లేవనియు, అల్‌ఖైదాతో తమకు పొత్తు లేదనియు, పరదేశమున తలదాచుకొనుటకంటె ఇరాకులోనే మరణించుట తనకు సమ్మతమనియు సద్దాము చెప్పెను. ప్రపంచమెల్ల చూచుచుండ టెలివిజనులో తనతో వాదమునకు రమ్మని అధ్యక్షుడు బుష్షును ఆహ్వానించెను. శ్వేతసౌధము దానిని త్రోసిపుచ్చెను. రెండు దినముల పిమ్మట సీబీయస్ ఆ సంభాషణమును ప్రసారము చేసెను; మార్చి 20న బాగ్దాదుపై బాంబులు పడెను.

1988లో హలబ్జా పట్టణమున కుర్దులను వేలకొలదిగా విషవాయువుతో చంపించినవాడు, 1990లో కువైటును కబళించినవాడు చెప్పు మాటను వినవలెనా? దుర్యోధనుని హృదయమెట్టిదో సంపూర్ణముగా నెరిగియు శ్రీకృష్ణుడు హస్తినాపురమునకు రాయబారమేగెను గనుక, వినుట విషయమున మనవారికి సందేహముండదు. అయినను వినుట వేరు, విన్నదానినుండి ఏమి నిర్ణయింపవచ్చుననుట వేరు. నా మనస్సును విడువనిది ఈ రెండవ ప్రశ్న.

మన న్యాయశాస్త్రము ఆప్తుని వాక్యమునే శబ్దప్రమాణముగా నంగీకరించినది. విషయమును స్వయముగా సాక్షాత్కరించుకొనినవాడై, కనినది కనినట్లు తెలుపవలెనను ఇచ్ఛ గలవాడే ఆప్తుడని వాత్స్యాయనుడు భాష్యమున నిర్వచించి, ఈ లక్షణము ఋషులకును ఆర్యులకును మ్లేచ్ఛులకును సమానమేయని కూడ చెప్పెను. ఆ మాటలోని ఔదార్యము నన్నెప్పుడును ముగ్ధుని గావించును. ఈ లక్షణముతో పరికించినచో సద్దాము తన ఆయుధాగారములలో నేమున్నదో ఎరుగదగినవాడే కాని, ఉన్నది ఉన్నట్లు చెప్పునను విశ్వాసమునకు పాత్రుడు కాడు. అదే ఫిబ్రవరి 5న భద్రతాసమితిలో ఇరాకు ఆయుధములను గూర్చి ప్రసంగించిన అమెరికా విదేశాంగమంత్రి కోలిన్ పావెల్ లోకమున గౌరవమందిన పురుషుడు. కాని ఆయన ఇతరులు సమకూర్చి యిచ్చినదానినే చెప్పెను, స్వయముగా చూచినది కాదు. ఆ ప్రసంగము తన చరిత్రకు మచ్చయని తరువాత తానే చెప్పుకొనెను.

అనాప్తుని వాక్యము ప్రమాణము కాదు, నిజమే. కాని అది తద్విరుద్ధార్థమునకును ప్రమాణము కాదు. అబద్ధములాడువాడు లేవనెను గనుక ఆయుధములు ఉండియే తీరవలెననుట హేత్వాభాసము. అట్టి వాక్యమువలన మిగులునది సంశయమొక్కటే. దానిని తీర్చునది ప్రత్యక్షము. ఆ ప్రత్యక్షమునకై హాన్స్ బ్లిక్స్ నాయకత్వమున ఐక్యరాజ్యసమితి పరీక్షకులు 2002 నవంబరు నుండి ఇరాకులో వెదకుచునేయుండిరి, పరిమితిని మించిన అల్ సమూద్ క్షిపణులను ధ్వంసము చేయించుచుండిరి. మిగిలిన పనికి సంవత్సరములు అక్కరలేదు, మాసములు చాలునని బ్లిక్స్ మార్చి 7న భద్రతాసమితికి తెలిపెను. ఆ మాసములు వారికి దక్కలేదు. 2004లో అమెరికాయే నియమించిన పరిశోధకబృందము ఆయుధనిల్వలు లేవని తేల్చెను.

దీనివలన సద్దాము సత్యసంధుడయ్యెనని ఎవ్వరును భ్రమింపరాదు. హలబ్జా మృతులకు ఆయన పడిన ఋణము అట్లే యున్నది. ఆయుధములు దొరకలేదు గనుకనే ఆ యుద్ధము అధర్మమైనదనుటయు నాకు సమ్మతము కాదు. ఒకవేళ అవి దొరికియుండినను, సంశయమును తీర్చుకొను ఉపాయము చేతనుండగా దానిని విడిచి శస్త్రమెత్తినవారి దోషము రవంతయు తగ్గియుండెడిది కాదు. ఏలయన, ఆ తొందరపాటునకు మూల్యము చెల్లించినవారు వాదించిన నాయకులు కారు, బసరాలోను బాగ్దాదులోను తమ యిండ్లలో నుండిన జనులు.