పారబోసిన పాలు

"మామా, నాకు బాధ్యత తెలిసొచ్చిందని అందరూ అంటున్నరు. రెండు బర్రెలకు గడ్డేసి, పాలు పిండి, కేంద్రంల పోసి కాలేజీకి పోతున్న. గంతేనా బాధ్యతంటే?"

అడిగింది మా అక్క కొడుకు. పదహారేళ్లవాడు, ఇంటర్ మొదటి సంవత్సరం. శంషాబాద్ పక్క పల్లె వాళ్లది. బావ ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు, ఎక్కువగా రాత్రిపూటే. తెల్లవారుజాము పనులన్నీ వీడి మీదే పడ్డాయి. మెచ్చుకోలుకు పొంగిపోకుండా దాన్నే నిలదీస్తున్నందుకు నాకు ముచ్చటేసింది.

"గంతే అయితే ఈ రంగారెడ్డి జిల్లాల ఎనుకట మస్తుమంది బాధ్యత గల పిల్లలుండాలె. నీకన్న చిన్నోళ్లు పటేండ్ల కాడ జీతమున్నరు. అయ్య చేసిన అప్పుకు పొద్దు పొడవకముందే దొడ్డి ఊడ్చేటోళ్లు, పసులను తోలుకపోయేటోళ్లు. వాళ్లను విడిపించి బడికి తోలనీకి శాంతా సిన్హా మేడం వాళ్ల ఎం.వి. ఫౌండేషన్ 1991ల ఈ జిల్లా ఊర్లల్లనే పని మొదలువెట్టింది. బడికి పోని ప్రతి పిల్లా బాలకార్మికురాలే, ప్రతి పిలగాడూ బాలకార్మికుడే అన్నరు వాళ్లు. మేడంకు 2003ల మెగసెసే అవార్డొచ్చింది. ఆ జీతగాళ్లు నీకన్న ఎక్కువ కష్టపడ్డరు. వాళ్లను బాధ్యత గలోళ్లని ఎవరన్న మెచ్చుకున్నరా?"

"లేదు. మరి నన్నడిగి ఇచ్చిన్రా ఈ పని?"

గట్టి ప్రశ్నే. "అడగలే. నీకు చదువుంది, గా తేడా పెద్దదే. సరే గని, పెద్దబర్రెకు పొదుగువాపొచ్చినప్పుడు ఏం జేసినవ్?"

"డాక్టరు సూదిచ్చి, తను చెప్పేదాంక పాలు కేంద్రంల పొయ్యొద్దన్నడు. పారబోసిన."

"ఎవరన్న చూసిన్రా?"

"నాన్న డ్యూటీల, అమ్మ పొలంల. మా కేంద్రంల ఫ్యాట్ చూస్తరు గని, సూది సంగతి వాళ్లకేం ఎరుక? ఆ పాలకు తోడేస్తే సరిగ తోడుకోదంట మామా, మందుకు తోడే సచ్చిపోతదంట. చిన్నపిల్లలున్న ఇండ్లకు పోతయి గద. నురగ మీదికొచ్చిన బకెట్‌ను పెంటకుప్ప మీద ఒంపనీకి మాత్రం చెయ్యి రాలే."

"గది బాధ్యత. గడ్డేసుడు పని."

"ఎవరూ చూడనప్పుడు మంచిగుండుడా? గది నీతి. మా తెలుగు సారు రోజూ చెప్తడు."

"నీతి ఒక్కటే కాదు. ఎవరూ చూడకున్నా మంచిగున్న జీతగాళ్లు మస్తుమంది. పాలు పారబోసే అధికారం వాళ్లకుండెనా? పారబోస్తే పటేలు తోలు తీసేటోడు. పొయ్యాల్నా వద్దా అన్నది నీ చేతిల ఉండె. అందుకే అది నీ బాధ్యతైంది."

వాడు ఊరుకోలేదు. "మరి బైకు? క్యాన్లు పెట్టుకొని నేను తోలి ఎవర్నన్న గుద్దితే నాన్నకు జైలంట గద."

"2019ల చట్టం మారింది. మైనరు తోలి నేరం జేస్తే తండ్రికో, బండి ఓనరుకో మూడేండ్లదాంక జైలు, 25 వేల జరిమానా."

"జేసింది నేను, మోసేది నాన్న. ఇగ నా బాధ్యత యాడుంది?"

"తాళం ఇచ్చింది ఆయన గద! పిలగాని చేతిల ఏం పెట్టాల్నో చూసుకునుడు పెద్దోళ్ల బాధ్యత. నువ్వు మాత్రం సైకిల్ మీదనే పో."

కాసేపాగి అసలు సంగతి చెప్పాడు. "నాన్న బర్రెలను అమ్ముతడంట. దొడ్డి జాగల రూములేసి ఎయిర్‌పోర్టుల పనిజేసేటోళ్లకు కిరాయికిస్తడంట."

బావ ఆలోచనను తప్పనలేను. 2008లో దాదాపు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం వచ్చాక ఈ చుట్టుపక్కల పొలాలు ప్లాట్లవుతున్నాయి. మేత కొనుక్కునేవాడికి పాలకన్నా కిరాయే నమ్మకంగా కనిపిస్తుంది.

"నిన్నడిగిండా?"

"పిలగాణ్ని, నన్నెందుకడుగుతడు?"

"పొద్దుగాల నాలుగింటికి లేపేటప్పుడు పిలగానివి కావు గద. బావతోని నేను మాట్లాడుత."

"నువ్వద్దు మామా, నేనే అడుగుత. ముందుగాల లెక్క రాసుకుంట. దాణాకెంత పోతుంది, పాలకెంతొస్తుంది, రూములకెంతొస్తది. కిరాయే మేలని తేలితే అమ్ముదామని నేనే అంట."