పల్చని చొక్కా కింద పిస్తోలు

జులైలో డాలస్ ఎండ 38 డిగ్రీలు దాటే రోజులు చాలానే ఉంటాయి. కోటు మాట దేవుడెరుగు, టీషర్టే ఒంటికి అంటుకుపోతుంది. ఆ ఎండల్లోనూ పిస్తోలు దగ్గర పెట్టుకుని తిరగాలనుకునే టెక్సాస్‌వాసి తుపాకుల దుకాణానికి వెళ్లి మొదట అడిగేది ఒకటే: నిక్కరు, పల్చని చొక్కా వేసుకున్నా బయటికి కనపడనిది ఏది? బట్ట మీద తుపాకి ఆకారం తేలి కనపడడాన్ని అక్కడివాళ్లు ‘ప్రింటింగ్’ అంటారు. చలికాలంలో జాకెట్టు కప్పిపెట్టేదాన్ని ఎండాకాలంలో చిన్న పిస్తోలు కొనుక్కుని దాచుకోవాలి.

కంపెనీలు ఆ అవసరాన్ని బాగానే పట్టుకున్నాయి. 2008లో వచ్చిన రూగర్ ఎల్‌సీపీ బరువు 300 గ్రాములు కూడా లేదు, ప్యాంటు జేబులో ఇమిడిపోతుంది. 2012లో స్మిత్ అండ్ వెసన్ షీల్డ్, 2015లో గ్లాక్ 43 సన్నటి ఒంటితో 9 ఎంఎం తూటాను జనానికి అందించాయి. 2018లో సిగ్ సావర్ పీ365 వచ్చి అంత చిన్న ఒంట్లోనే పది తూటాల మ్యాగజైన్‌ను ఇమిడ్చింది. దాని బరువు సుమారు 500 గ్రాములు, మందం అంగుళం. ఆ తర్వాత మార్కెట్ అంతా అదే దారి పట్టింది.

వెంట పెట్టుకోవచ్చా అన్నదానికి చట్టం ఎప్పుడో జవాబు చెప్పేసింది. టెక్సాస్ 1995లో లైసెన్సు మీద అనుమతించింది. 2021 సెప్టెంబర్ 1 నుంచి, చట్టరీత్యా అనర్హత లేని పెద్దవాళ్లకు ఆ లైసెన్సు కూడా అక్కర్లేదు. 2023 జులై నుంచి ఫ్లోరిడాలోనూ అంతే. పెట్టుకోవడం ధర్మమేనా అన్నది మాత్రం చట్టసభలు తేల్చగలిగింది కాదు. దాన్ని మనిషి రోజూ పొద్దున్న బెల్టు బిగించుకునేటప్పుడు తేల్చుకోవాలి.

మన భారతంలో ఇదే సమస్య ఒకసారి వచ్చింది. అజ్ఞాతవాసానికి విరాటనగరం చేరుతున్న పాండవులకు ఆయుధాలు ఏం చేయాలో తోచలేదు. వాటితో ఊళ్లోకి వెళితే జనం బెదిరిపోతారన్నది ధర్మరాజు చెప్పిన మొదటి కారణం. గాండీవాన్ని చూస్తే ఎవరైనా గుర్తుపడతారన్నది రెండోది. అందుకే శ్మశానం పక్కన జమ్మిచెట్టు మీద ఆయుధాలు కట్టి, ఎవరూ దగ్గరికి రాకుండా ఒక శవాన్నీ వేలాడదీశారు. అడిగినవాళ్లతో అది నూటఎనభై ఏళ్ల తమ తల్లి శవమని చెప్పారు. ఇప్పటికీ దసరానాడు తెలుగు ఊళ్లలో జమ్మికి పూజ చేసేవాళ్లకు ఈ కథ తెలుసు. పాండవులు ఆయుధాలను దాచింది ఒంటిమీద కాదు, ఊరి బయట. జనం మధ్యకు మాత్రం ఒట్టి చేతులతో వెళ్లారు.

కథ అక్కడితో ఆగితే నిరాయుధుల పక్షాన తీర్పు తేలికగా చెప్పేయొచ్చు. ఆగలేదు. కీచకుడు వెంటపడి నిండు సభలో తన్నినప్పుడు ద్రౌపదికి దిక్కు ఎవరు? ధర్మరాజు అక్కడే ఉన్నాడు, ఓర్చుకోమన్నాడు. చివరికి భీముడు ఆయుధం లేకుండానే కీచకుణ్ణి చంపాడు గానీ, అందాకా ఆమె పడిన అవమానానికి సత్పురుషుల సహనమూ ఒక కారణమే. అహింస గురించి మాట్లాడేవాళ్లు ద్రౌపది ముఖం చూసి మాట్లాడాలి.

టెక్సాస్ 1995 చట్టం వెనకా అలాంటి ఒక స్త్రీ ఉంది. 1991 అక్టోబర్ 16న కిలీన్ పట్నంలోని ల్యూబీస్ హోటల్లో ఒక హంతకుడు 23 మందిని కాల్చి చంపాడు. సుజానా హప్ ఆ మధ్యాహ్నం తల్లిదండ్రులతో అక్కడే భోజనానికి కూర్చుంది. ఆమెకు రివాల్వర్ ఉంది, కానీ వెంట తెచ్చుకుంటే నేరమవుతుందని కారులోనే వదిలేసింది. అమ్మానాన్నలిద్దరినీ అక్కడే పోగొట్టుకుంది. తర్వాత చట్టసభల ముందు పదేపదే సాక్ష్యం చెప్పి, 1996లో తానే టెక్సాస్ శాసనసభకు ఎన్నికైంది. ఆమె దుఃఖం ముందు నిలబడలేని అహింసావాదం ఎవరికీ పనికిరాదు. గాంధీ కూడా 1920లో ‘యంగ్ ఇండియా’లో, పిరికితనమూ హింసా తప్ప మరో దారి లేకపోతే హింసనే ఎంచుకోమంటానని రాశాడు. జైనం సైతం, దాడిని ఎదుర్కొనేటప్పుడు జరిగే విరోధి హింసను గృహస్థు విషయంలో వేరుగా చూసింది.

చంపవచ్చిన ఆతతాయిని వెనకాడకుండా చంపవచ్చునని మనుస్మృతి చెబుతుంది. వ్యాఖ్యాతలు దీనిమీద ఎంతో తర్జనభర్జన పడ్డారు. నిప్పు పెట్టేవాడు, విషం పెట్టేవాడు, కత్తి పట్టి వచ్చేవాడితో పాటు సొమ్ము ఎత్తుకుపోయేవాణ్ణీ ధర్మశాస్త్రాలు ఆతతాయిల జాబితాలో చేర్చాయి. టెక్సాస్ శిక్షాస్మృతిలోనూ కొన్ని షరతులకు లోబడి రాత్రిపూట దొంగతనాన్ని ఆపడానికి ప్రాణాంతకమైన బలం వాడవచ్చన్న నిబంధన ఉంది. సామానుకు మనిషి ప్రాణం బదులుగా తీయవచ్చని ఆ పాత శాస్త్రం చెప్పినా, ఈ కొత్త చట్టం చెప్పినా ఒప్పుకోవడం కష్టం. అర్జునుడే గీత మొదటి అధ్యాయంలో, ఈ ఆతతాయిలను చంపినా మనకు పాపమే చుట్టుకుంటుందని వాపోయాడు.

పదమూడో శతాబ్దంలో క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ ఇంకాస్త సూక్ష్మంగా వెళ్లాడు. ప్రాణం కాపాడుకోవడమే ఉద్దేశమై ఎదుటివాడి చావు దాని పర్యవసానంగా వస్తే తప్పు కాదన్నాడు. కానీ అవసరానికి మించిన బలం వాడితే ఆ ఆత్మరక్షణ అధర్మమవుతుందనీ అన్నాడు. ఇవాళ అమెరికాలో పిస్తోలు శిక్షకులు ‘కాల్చేది ఆపడానికే, చంపడానికి కాదు’ అని నేర్పుతారు. తెలిసో తెలియకో అక్వినాస్ మాటే చెబుతున్నారు.

దుకాణంలో అడిగిన ఆ ప్రశ్నకు అసలు పదును ఇక్కడే వస్తుంది. ఆపడానికే కాల్చాలంటే, ఆపవలసినవాడికే తగలాలి. పిస్తోలు ఎంత చిన్నదైతే ఆ పని అంత కష్టం. పిడి పొట్టిది కావడంతో చిటికెనవేలికి పట్టు దొరకదు. ముందు గురికీ వెనక గురికీ మధ్య దూరం తగ్గేసరికి కంటికి ఆనని తేడా కూడా లక్ష్యం దగ్గర పెద్ద తప్పవుతుంది. బరువు తక్కువ కాబట్టి పేలినప్పుడు చేతిని గట్టిగా వెనక్కి తన్నుతుంది. చెయ్యి నొప్పెడితే సాధన మీద మనసు పోదు. 600 గ్రాములు దాటిన గ్లాక్ 19తో నిలకడగా కొట్టేవాడు కూడా జేబు పిస్తోలుతో తడబడతాడు. గురి తప్పిన తూటా గాలిలో మాయమైపోదు. వెనక నిలబడ్డ మనిషికి తగులుతుంది, గోడ దాటి పక్కగదిలోకి పోతుంది.

అంటే తన ఒంటి సుఖం కోసం ఒకరు ఎంచుకున్నదాని ప్రమాదం పరాయివాళ్ల మీద పడుతోంది. పిస్తోలు పెట్టుకోవడమే పాపమని ఈ వ్యాసం అనడం లేదు. పెట్టుకున్నవాడు తన ఇబ్బందిని తగ్గించుకుని పక్కవాడి ప్రమాదాన్ని పెంచకూడదని మాత్రం అంటోంది. చేతికి అదుపులో ఉండే పిస్తోలు ఎండలో బరువనిపిస్తే ఆ బరువు మొయ్యాలి. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ నడుముకు ఒరుసుకుంటే ఓర్చుకోవాలి. ఒంటికి చెమట పట్టని ఆయుధం కావాలనుకుంటే ఆ రోజుకు అది లేకుండానే బయటికి వెళ్లాలి.

ఆయుధం ఒంటిని వదిలి సంచిలోకి చేరితే ఏమవుతుందో 2014 డిసెంబర్ 30న ఐడహో రాష్ట్రం హేడెన్‌లోని వాల్‌మార్ట్‌లో కనపడింది. ఒక తల్లి చేతిసంచిలో పిస్తోలు కోసమే కుట్టిన జిప్పు అర ఉంది. రెండేళ్ల కొడుకు దాన్ని తెరిచాడు, తూటా తగిలి తల్లే చనిపోయింది. ఇంకో లెక్క కూడా చూడాలి. 2021లో అమెరికాలో తుపాకి వల్ల పోయిన ప్రాణాలు 48,830. అందులో 26,328 ఆత్మహత్యలు. చాలా ఇళ్లలో ఆ ఆయుధం ఎదుర్కొనేది బయటి శత్రువును కాదు, కుంగిపోయిన ఇంటిమనిషినే.

ఆయుధం వెంట ఉంచుకోవడమన్న సమస్యను సిక్కులు మరోలా పరిష్కరించుకున్నారు. 1699 నాటి ఖాల్సా సంప్రదాయంలో కిర్పాన్ అనే కత్తి ఒంటరిగా రాదు. కేశాలు, కడియం, మత్తు ముట్టకపోవడం వంటి నియమాలతో కలిసే వస్తుంది. కత్తి పట్టినవాడు ఏ మాట మీద నిలబడాలో ఊరందరికీ తెలుసు. పిస్తోలు కొన్నప్పుడు ఇంత నియమం పెట్టుకోమని ఏ దుకాణదారూ అడగడు.

వెస్ట్ ఫ్రీవే చర్చ్ ఆఫ్ క్రైస్ట్‌లో 2019 డిసెంబర్ 29న జరిగింది ఆయుధం పెట్టుకునేవాళ్ల వైపున గట్టి సాక్ష్యం. టెక్సాస్‌లోని వైట్ సెటిల్‌మెంట్‌లో, ప్రార్థన జరుగుతుండగా ఒకడు లేచి ఇద్దరిని కాల్చాడు. భద్రత చూసే సభ్యుడు జాక్ విల్సన్ ఆరు సెకన్లలోనే ఒక్క తూటాతో అతణ్ణి పడగొట్టాడు. ఆయన తుపాకీ వాడకం నేర్పే మనిషి, ఏళ్ల సాధన ఉన్నవాడు. అక్వినాస్ పెట్టిన ప్రతి షరతుకూ ఆ తూటా నిలుస్తుంది. అయితే తాను మనిషిని చంపినట్టు అనుకోవడం లేదని, ఒక చెడును చంపానని ఆయన తర్వాత అన్నాడు. ఆయన ధైర్యానికి నమస్కరిస్తూనే ఆ మాట దగ్గర విభేదించాలి. కురుక్షేత్రం ధర్మయుద్ధమే అయినా శాంతిపర్వం ధర్మరాజు శోకంతో మొదలవుతుంది. గెలిచినవాడు చచ్చినవాళ్లను మనుషులుగానే లెక్కపెట్టుకుని ఏడ్చాడు.

టెక్సాస్ తెలుగువాళ్లకు ఇదంతా పుస్తకాల చర్చ కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతేలో తెలుగు ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినప్పటి నుంచి భయం ఇళ్లలోకి వచ్చేసింది. ఆ రాత్రి హంతకుణ్ణి ఆపబోయి తూటా తిన్న ఇయాన్ గ్రిలట్ చేతిలో ఏ ఆయుధమూ లేదు. గుడికి పిస్తోలుతో రావచ్చా అన్నది ఇప్పుడు ఆలయ కమిటీల ముందుకు రాగల ప్రశ్న. కూడదనుకుంటే చట్టం చెప్పినట్టు ద్వారం దగ్గర బోర్డు పెట్టొచ్చు. ఇంగ్లిషులోనూ స్పానిష్‌లోనూ, అంగుళం ఎత్తుకు తగ్గని అక్షరాలతో రాయాలి. జనం బెదిరిపోతారని ధర్మరాజు చెప్పిన మొదటి కారణానికి విలువిచ్చేవాళ్లు ఆ బోర్డు పెట్టడమే సబబు. కాపలా కావాలంటే అందరికీ కనపడేలా ఆయుధం పెట్టుకున్న శిక్షణ గల మనిషిని నియమించుకోవచ్చు. కానీ బోర్డు చూసిన భక్తుడు పిస్తోలును కారులో వదిలేస్తాడు. అమెరికాలో తుపాకులు దొంగల చేతికి చేరే పెద్ద దారుల్లో కార్లు ఒకటి. బోర్డు తగిలించే కమిటీ, చెప్పుల అరల పక్కన తాళం పడే పెట్టెలు పెట్టాలా వద్దా అన్నదీ అదే సమావేశంలో తేల్చాలి.